పొడుగుమడిలో అడ్డం మునుం

మొన్న జనగామలో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్లు నన్ను పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పారు. ముసలిదాన్ని కదా, ఎక్కడ తూలిపోతానో అని పక్కన ఒక పిల్లను కూడా నిలబెట్టారు. నాకంటే ముందు మాట్లాడినావిడ బాగా చదువుకున్నది, మంచి మనిషి, మాట కూడా మెత్తన. ఆడదానికి ఉద్యోగం ఒక తట్ట, ఇల్లు ఒక తట్ట, రెండూ సమానంగా తూగేలా చూసుకోవాలని చెప్పింది. పనికి వచ్చేటప్పుడు ఇంటిని ఇంట్లోనే వదిలి రావాలని, ఇంటికి పోయేటప్పుడు పనిని పని దగ్గరే వదిలి పోవాలని చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

ఆవిడ మీద కాదు, ఆ మాట మీద. ఆ మాట నేను మొదట విన్నది మోకాలి లోతు బురదలో నాటు వేసి ఇంటికి వచ్చిన రోజున. నాకు చెప్పింది మా అత్త. ఆమెకు నేర్పింది దొర గడి.

తక్కెడ గురించి అందరూ మాట్లాడతారు. అది ఎవరి చేతిలో ఉందో మాత్రం ఎవరూ అడగరు. నా చేతికి మైకు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. నాలుగు ముక్కలు అన్నానో లేదో "అమ్మా, చాలా బాగా చెప్పారు" అని మైకు తీసుకున్నారు. చెప్పాల్సింది కడుపులో ఉండిపోతే నాకు అన్నం సయించదు. అందుకని రాస్తున్నాను.

నా పుట్టిల్లు జనగామ పక్కనున్న పల్లె. నన్ను ఇచ్చింది మానుకోట వైపు, దంతాలపల్లికీ నెల్లికుదురుకీ నడుమ ఉన్న ఒక ఊరికి. ఇప్పుడు దాన్ని మహబూబాబాద్ జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా మానుకోటే వస్తుంది. పుట్టింట్లో నాకున్న గొప్ప పేరు ఒక్కటే, నాటు బాగా వేస్తానని. అందం లేదు, చదువు లేదు, కట్నం లేదు. నాటు వేసే చెయ్యి ఉంది. నీళ్లు పెట్టి కలియదున్ని కరిగెట చేసిన మడిలో కాలు పెట్టగానే చల్లటి బురద వేళ్ల సందుల్లోంచి పైకి వస్తుందే, ఆ క్షణం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నారు కట్ట చేతిలో విప్పుకుంటే చుట్టూ లోకం ఉందన్న సంగతే మరిచిపోయేదాన్ని. ఈ మాట ముందే చెప్పడం మంచిది. తర్వాత నేను పెట్టిన గొడవంతా పని తప్పించుకోవడానికి అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు.

నైజాం రాజ్యం అది. అత్తగారి ఊరికి ఒక దొర, దొరకు కోటలాంటి ఒక గడి. వానాకాలం వచ్చిందంటే ముందు దొర మళ్లు నాటాలి. కూలి లేదు. ఇంటికి ఇంతమంది రావాలని చాటింపు వేస్తారు, పోవాలి. వెట్టి అంటే అదే. దొర మళ్లన్నీ పచ్చబడ్డాకే ఊరివాళ్లు తమ మడిలో దిగాలి, అప్పటికి వాన మొహం చాటేసినా సరే.

నాటు ఎలా వేస్తారో ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. ఆడవాళ్లంతా ఒక గట్టు కింద వరుసగా నిలబడి, గట్టు వైపు మొహం పెట్టి వంగుతారు. నారు గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆ వరుసనే మునుం అంటాం. ఒకసారి మునుం పట్టాక, వెనకనున్న గట్టు మడమకు తగిలేదాకా ఎవరూ నడుం ఎత్తకూడదు. ఎత్తితే వరుస చెదురుతుంది. చెదిరిన మునుంలో గింజ తాలు పోతుందని పెద్దవాళ్ల నమ్మకం.

మునుం ఎటు నుంచి పట్టాలో చెప్పేది మొదటి పిడికెడు నారు. ఊళ్లో నాటు వేసేవాళ్లందరిలోకీ పెద్దామె ఆ పిడికెడుకు పసుపు కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుని, ఒక గట్టు కింద గుచ్చుతుంది. ఏ గట్టు కింద గుచ్చితే మునుం ఆ గట్టు నుంచే మొదలు. గుచ్చిన ఆ పిడికెడును పీకడం మహా పాపం. ఎంత మొండివాడైనా దాన్ని ముట్టడు.

మా ఊళ్లో ఆ పెద్దరికం మా అత్తది. పేరుకు చెయ్యి అత్తదే గానీ, ఎక్కడ గుచ్చాలో చూపించేది మాత్రం గడి గుమాస్తా చేతికర్ర. దొర పొలాల మీద వాడిదే పెత్తనం. కర్ర ఎటు చూపిస్తే అత్త అటు పోయి గుచ్చేది. ఒక్కనాడు కూడా తలెత్తి వాడి మొహం చూడలేదు.

దొర మళ్లలో పెద్దదాన్ని పొడుగుమడి అనేవాళ్లం. వెడల్పు ఎంతో ఉండదు, పొడుగు మాత్రం చెరువు దగ్గర మొదలై ఊరి దాకా వస్తుంది. దాని ఒక పొడుగు గట్టు మీద తుమ్మచెట్లు వరుసగా ఉండేవి. ఆ మడిని అడ్డంగా నాటితే చిటికెలో గట్టు కాలికి తగులుతుంది, నడుం ఎత్తొచ్చు, గుక్కెడు నీళ్లు తాగొచ్చు. అందుకే గుమాస్తా ఎప్పుడూ చెరువు వైపున్న చిన్న గట్టు చూపించేవాడు. అక్కడ వంగితే ఊరి వైపు గట్టు తగిలేదాకా వంగే ఉండాలి. పొద్దు నెత్తి మీదికి వచ్చినా మునుం సగం మడిలోనే ఉండేది.

పిల్లల తల్లులకు ఇంకో ఆజ్ఞ. చంటిపిల్లలను పొలం గట్టు మీదికి తేకూడదు. పిల్ల ఏడిస్తే తల్లి నడుం లేస్తుందట. గడి లెక్క అది.

నాకు తొలిచూలు ఆడపిల్ల. ఆ ఏడు నాట్లు మొదలయ్యేనాటికి అది ఇంకా మెడ నిలపలేదు. చాటింపు రాగానే దాన్ని పక్కింటి ముసలవ్వ ఒళ్లో పెట్టి పొలానికి పోయాను. ఆ అవ్వకు కళ్లు సరిగా కనబడవు. గుడ్డ ముక్కను గంజి తేటలో ముంచి పిల్ల నోట్లో పెట్టేది. ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం! పొడుగుమడిలో వంగిన కాసేపటికే నా రవిక తడిసేది. పాలు కారి బురద నీళ్లలో కలిసేవి. అది చూస్తూ నారు గుచ్చేదాన్ని. నా బిడ్డ తాగాల్సిన పాలు దొర వరికి పోతున్నాయని నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చేది.

కొన్నాళ్లకే పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు పోయి కళ్లు పెద్దవయ్యాయి. ఒకనాడు మునుం నడిమడిలో ఉండగా నాకు ఇంక ఆగబుద్ధి కాలేదు. నడుం ఎత్తాను. వరుసలోంచి బయటికి నడిచాను.

గుమాస్తా కర్ర అడ్డం పెట్టాడు. "ఎటు పోతున్నవే?"

"పిల్లకు పాలిచ్చి వస్త."

"ఇంటి మీద అంత పాణం కొట్టుకుంటున్నదా? అయితే గీ గట్టు మీద నిలవడి నీ ఇంటిని సూసుకుంట ఉండు. కదిలినవంటే మీ ఇంటోళ్లందరు గడికి రావాలె."

ఊరి వైపు గట్టు మీద నిలబెట్టాడు. అక్కడి నుంచి మా ఇంటి కప్పు కనబడేది. పొద్దుగూకేదాకా ఆ కప్పును చూస్తూ నిలబడ్డాను. నా కాళ్ల ముందే మునుం వెనక్కి వెనక్కి వచ్చి గట్టుకు తగిలింది. అందరూ నడుం ఎత్తారు, అత్త కూడా ఎత్తింది. నా మొహం చూడకుండా చేతులు కడుక్కుంది.

ఇంటికి పోయేసరికి పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. చన్ను నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి కళ్లు మూసింది. నేను అత్త మీద పడ్డాను.

"ఒక్క మాట గూడ అనకపోతివి! నీ మనవరాలు గాదా అత్తమ్మా?"

అత్త పొయ్యి ఊదుతూనే చెప్పింది. "పనికి పోయినప్పుడు ఇల్లు ఇంట్లనే ఇడిసిపెట్టి పోవాలె బిడ్డా. పొలంల నిలవడి ఇంటిని తలుసుకుంటె రెండూ దక్కయ్. మా అత్త గిట్లనే చెప్పింది. నేను గిట్లనే బతికిన."

మా ఆయన కంటే ముందు అత్తకు ఇద్దరు పుట్టి పోయారని నాకు తెలుసు. ఎట్లా పోయారని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగితే, "పోయిన్రు" అని లేచి పశువుల కొట్టంలోకి వెళ్లింది. మళ్లీ అడగలేదు. ఆ రోజు కూడా అడగలేదు. నా కోపం నాకే సరిపోయింది.

అప్పటికే మా పుట్టింటి వైపు దొరల మీద తిరగబడ్డ సంఘం బలంగా ఉంది. అక్కడ వెట్టి ఆగిపోయిందని, దొరలు మూటలు కడుతున్నారని కబుర్లు వచ్చేవి. మా వైపు కూడా మగవాళ్లు గుంపులుగా కూడి మాట్లాడుకోవడం మొదలైంది. మా ఆయన సంఘంలో చేరాడు. మాట తక్కువ మనిషి, ఒకసారి మాటిచ్చాడంటే కొండలా నిలబడేవాడు. పిల్లకు బాగాలేదని తెలిసీ కర్ర చేతబట్టి బయటికి పోయేవాడు. "గీ వెట్టి తెగితెనే పిల్ల గోస తెగుతది" అనేవాడు. నిజమే, తెగింది కూడా.

ఒకనాడు తెల్లవారగానే చాటింపు మనిషి డప్పు కొట్టుకుంటూ వాడంతా తిరిగాడు. "నాటుకు రావాలెనో..." అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లందరం ఎవరి గడప మీద వాళ్లం కూర్చున్నాం. నేను పిల్లను ఒళ్లో వేసుకుని, కొంగు కూడా కప్పుకోకుండా, ఊరంతా చూస్తుండగా పాలిచ్చాను. చాటింపు మనిషి మా గడప ముందుకు వచ్చి ఆగాడు. వాడూ మావాడే, వాడి ఇంట్లోనూ ఆకలే. నన్ను చూశాడు, పిల్లను చూశాడు, డప్పును చంకలో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. ఇంక లేవలేదు.

ఆ వారం తిరక్కముందే దొర కుటుంబం పట్నం దారి పట్టింది. అంతకు ముందు దొరసాని చెంబు మోయడానికి కూడా ఒక మనిషి వెంట నడిచేవాడు. ఆ రోజు మూటలు ఎత్తడానికి ఒక్క వెట్టివాడు దొరకలేదు. గుమాస్తా పరుపుల మూట తన నెత్తిన తానే పెట్టుకుని బండి వెనక పడ్డాడు. ఊళ్లో పిల్లా పెద్దా రోడ్డు పక్కన నిలబడి నవ్వారు. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను. అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

దొర పోయాడు గానీ మళ్లు ఎక్కడికి పోతాయి? సగం నాటి ఉన్నాయి. నాటిన పొడుగుమడి కూడా నీళ్లు కట్టేవాళ్లు లేక ఎండిపోయింది. పొడుగుమడి మొత్తం మళ్లీ దున్నించి కరిగెట చేసి పెట్టాలని, దాన్ని ముక్కలుగా విడగొట్టి భూమి లేనివాళ్లకు పంచాలని సంఘం తీర్మానించింది. మా ఇంటికీ ఒక ముక్క వచ్చింది. కానీ నారు ముదురుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే నారు గడ్డికి కూడా పనికిరాదు. పైగా దొర మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని ఎప్పుడు తిరిగొస్తారో తెలియదు. మడి పచ్చగా కనబడితే అది మనదని ఊరంతా నిలబడుతుంది, ఖాళీగా ఉంటే వాళ్లదే అవుతుంది. అందుకని మొత్తం మడిని ఒక్కటిగా నాటి, తర్వాత ఎవరి ముక్క వాళ్లు చూసుకోవాలన్నారు.

గడి ముందర పట్టపగలు ఊరంతా కూడింది. ఎవరు నారు పీకాలి, ఎవరు కట్టలు మోయాలి, ఎవరు దారి కాయాలి అని చకచకా పంచుకున్నారు. ఆఖరున మా ఆయన లేచాడు. "నాటు జల్ది కావాలె. చెరువు గట్టు నుంచి ఊరి దిక్కు పొడుగు మునుం పట్టుండ్రి. చంటిపిల్లలను ఇండ్లల్ల ఇడిసి రాండ్రి. జెర ఓర్సుకుంటె అయిపోతది" అన్నాడు.

నేను నా చెవులను నమ్మలేకపోయాను. గుమాస్తా మూట మోసుకుంటూ పోయాడు, వాడి మాట మాత్రం మా ఇంట్లోనే కాపురం ఉంది! పిల్ల అప్పుడప్పుడే తేరుకుంటోంది. గుక్క పట్టి ఏడ్చే బలం వచ్చింది. ఇంకోసారి గంజి గుడ్డ నోట్లో పడితే బతకదని నాకు తెలుసు. మంది మధ్యలోనే లేచాను.

"పొడుగు మునుం ఎందుకు? అడ్డం పడుదం. తుమ్మచెట్ల గట్టుకు పిల్లల తొట్టెలలు కట్టుకుంటం. మునుం మునుంకు పాలిస్తం."

"మునుం మునుంకు లేస్తె నాటు ఎప్పుడైతదే?" అని మా ఆయన. "ఇప్పుడు మన పొలం గదా! మన పొలానికి మనం కష్టపడుటానికి ఏంది?"

"దొర పొలంల నా పాలు బురదల కారినయ్. మన పొలంల గూడ కారాల్నా?"

తర్వాత ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా, "బిడ్డా, నువ్వు ఇంట్ల ఉండి పిల్లను సూసుకో. నీ వంతు మేము నాటిస్తం. నీ ముక్క యాడికి పోదు" అన్నాడు. చాలామంది ఊ అన్నారు. వాళ్లకు అది పెద్ద ఉపకారం.

నాకు గుమాస్తా కర్ర కంటే ఆ ప్రేమే ఎక్కువ తగిలింది. పిల్ల కావాలంటే పొలం వదిలెయ్యాలి, పొలం కావాలంటే పిల్లను వదిలెయ్యాలి. దొర కూడా అదే కదా చెప్పింది? కర్ర చూపించి చెప్పాడు, వీళ్లు తల నిమిరి చెబుతున్నారు. నా జన్మలో మొదటిసారి నాది అనే మడి ఒకటి వచ్చింది. దాంట్లో నారు వేరేవాళ్లు గుచ్చితే నేను గడప మీద కూర్చుని చూడాలా?

"నా నాటు నేనే ఏస్త. నా పిల్లకు నేనే పాలిస్త. రెండూ ఒక్క దగ్గరనే చేస్త" అన్నాను. ఏడుపొస్తుందని తెలిసి కూర్చున్నాను. అత్త వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. సభ లేచిపోయింది, పొడుగు మునుమే ఖాయమైంది.

మర్నాడు నేను పిల్లను చంకనేసుకునే పొలానికి పోయాను. వద్దన్నవాడు నన్ను ఎత్తి బయట పడెయ్యనీ అనుకున్నాను. దారిలో చూస్తే ఒక్కదాన్నే కాదు. పాలిచ్చే తల్లులంతా చీర ముక్కలు, తాళ్లు పట్టుకుని వస్తున్నారు. ముందుగా ఎవరం ఎవరితోనూ అనుకోలేదు. తుమ్మచెట్లకు తొట్టెలలు కట్టాం. గాలికి ఊగుతూ ఎర్రవి, పచ్చవి, మాసిపోయినవి. మగవాళ్లు చూసి గొణుక్కున్నారు గానీ తొట్టెలల మీద ఎవరు చెయ్యి వేస్తారు? "సరే, గట్టు మీద ఉంటె ఉండనియ్యండ్రి. మునుం మాత్రం పొడుగే" అన్నారు. అంటే పిల్లలు కళ్లముందు ఏడుస్తుంటారు, మేం మడి నడుమ వంగి వింటుండాలి. ఇంట్లో వదలడం కంటే అది ఇంకా నరకం.

అత్త అందరికంటే వెనక వచ్చింది. మొదటి పిడికెడు నారు ఆమె చేతిలో ఉంది. పసుపు కుంకుమ పెట్టింది, కళ్లకద్దుకుంది. మా ఆయన చెరువు గట్టు దగ్గర నిలబడి, "అవ్వా, గిటు రా" అని తల్లిని పిలిచాడు. చేత్తో చోటు చూపించాడు.

అత్త తుమ్మచెట్ల గట్టు మీద నిలబడి ఉంది. ఆమె తొట్టెలలను చూసింది. ఒక్కొక్క దాని దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది. మా పిల్ల తొట్టెల దగ్గర ఎక్కువసేపు ఆగింది. తర్వాత చీర కుచ్చెళ్లు ఎగదోపి మడిలోకి దిగింది. చెరువు వైపు కాదు. తొట్టెలలకు వీపు పెట్టి, సూటిగా ఎదుటి గట్టు వైపు నడిచింది.

"అవ్వా, అటు గాదు!"

వినలేదు. ముసలి ఒళ్లు, మోకాలి లోతు బురద. ఒక్కో కాలు పీకి వేస్తుంటే మాకే ఆయాసం వచ్చింది. ఒకచోట తూలింది. చెయ్యి మాత్రం కిందికి దించలేదు, నారు బురదకు తగలకుండా నెత్తికి పైన పట్టుకుంది. ఎవరూ సాయం పోలేదు. పోవాలని మాకు తోచలేదు, చూస్తూ ఉండిపోయాం. ఎదుటి పొడుగు గట్టు చేరింది. వంగింది. పిడికెడు నారు ఆ గట్టు కింద గుచ్చింది. చుట్టూ బురదను వేళ్లతో అదిమింది.

లేచి నిలబడి ఇటు తిరిగింది. ఎప్పుడూ తలెత్తని మనిషి కొడుకు మొహంలోకి చూసి, మడి అటు నుంచి ఇటు వినబడేలా అరిచింది.

"మునుం ఈడి నుంచే! గా తొట్టెలల దిక్కు! నేను ఇల్లును ఇంట్లనే ఇడిసిపెట్టి నాటేసిన బిడ్డా. నా ఇద్దరు పిల్లలు గా ఇంట్లనే పోయిన్రు. నేను గీ మడిలనే ఉన్న. ఒకసారి గాదు, రెండుసార్లు. ఇగ సాలు!"

మా ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తన కంటే ముందు పుట్టిన ఆ ఇద్దరూ ఎట్లా పోయారో అతనికీ అప్పుడే తెలిసింది. కర్రను గట్టున పడేసి, నారు కట్టలు రెండు చేతుల్లోకి ఎత్తుకుని, బురదలో పడుతూ లేస్తూ తల్లి దగ్గరికి మోసుకుపోయాడు.

చివరికి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పొడుగుమడి మగవాళ్లు అనుకున్న దానికంటే ముందే అయింది. తరచూ ఎత్తే నడుం అలిసిపోదు, పిల్ల దిగులు లేని చెయ్యి తడబడదు. నేనైతే ఆ రోజుల్లో వేసినంత నాటు మళ్లీ ఎప్పుడూ వేయలేదు. తర్వాత పోలీసులు వచ్చారు, మిలిటరీ వచ్చింది, కొందరు అడవికి పోయారు, పొడుగుమడి కొన్నాళ్లు మాది కాకుండా పోయి, ముక్కలు ముక్కలుగా మళ్లీ మాలో కొందరికి వచ్చింది. ఎవరి చేతిలో ఉన్నా సరే, కూలికి పోయినా సరే, ఆ రోజు తర్వాత మా ఊరి ఆడవాళ్లు ముందు తొట్టెలలు ఎక్కడ కట్టారో చూసి, దానికి ఎదుటి గట్టు నుంచే మునుం పట్టారు. తొట్టెలలో ఉన్న నా బిడ్డ పెద్దదై, చదివి, భూపాలపల్లిలో బడి పంతులమ్మ అయింది. కోపం నాదే వచ్చింది, దానికి నేనేం చెయ్యను!

కానీ నాకు గుర్తుండేది ఇదంతా కాదు, ఆ మొదటి మునుం.

ఎదుటి గట్టు కింద అందరం వరుసగా వంగాం. నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారని చెప్పాను కదా. అడుగు అడుగుకూ మా వీపుల వెనక తొట్టెలలు దగ్గరవుతున్నాయి. ముందు తాళ్ల కిరకిర వినబడింది. తర్వాత ఎవరి పిల్లో దగ్గింది. తర్వాత నా పిల్ల ఏడుపు, అది నాదే, వేయి ఏడుపుల్లో గుర్తుపడతాను. పాలు వచ్చేశాయి, రవిక తడిసింది. ఈసారి కోపం రాలేదు. నా చెయ్యి ఇంకా వేగంగా కదిలింది. పరుగెత్తుకుంటూ పోతున్నాను, వెనక్కి పరుగెత్తుతున్నాను, నాటు వేస్తూ పరుగెత్తుతున్నాను! ఇంత సంతోషం ఒంట్లో పట్టదేమో అనిపించింది. గట్టు మడమకు తగిలింది.

నడుం ఎత్తేసరికి అత్త అక్కడే ఉంది. గట్ల మీదుగా చుట్టూ తిరిగి మాకంటే ముందే వచ్చింది. చెంబుతో నా చేతుల మీద నీళ్లు పోసింది, పిల్లను తొట్టెలలోంచి తీసి నా ఒళ్లో పెట్టింది. పిల్ల గబగబా తాగుతోంది. గుటకలు వినబడుతున్నాయి.

అవతలి గట్టు దగ్గర నారు కట్టలతో నిలబడ్డ మగవాళ్లలో ఒకడు, "ఇగ పడుదమా మునుం?" అని అరిచాడు.

అత్త నాకు అడ్డంగా నిలబడి, నడుము మీద చెయ్యి వేసుకుని బదులు అరిచింది.

"ఆగుండ్రి! నా మనవరాలు తాగుతున్నది."

పొడుగుమడి మొత్తం ఆగింది.